వర్క్ ఫ్రం హోమ్: మేనేజర్ దయా, ఉద్యోగి హక్కా?

కరోనా కాలంలో ఒక్క మెయిల్‌తో ఇల్లే ఆఫీసయింది. తర్వాత ఇంకో మెయిల్‌తో ఆ వీలు పోయింది. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. మిగతా కంపెనీలు కూడా ఒక్కొక్కటిగా రోజులు పెంచుతూ వచ్చాయి. ఇంటి నుంచి పని మంచిదా, ఆఫీసు మంచిదా అని మన ఇళ్లలో వాదించుకుంటున్నాం. ఉద్యోగ సంఘాలు అడిగేది మాత్రం వేరు: అది తేల్చేదెవరు? ఎక్కడ రాసుకున్నారు?

వర్క్ ఫ్రం హోమ్ అంటే అంతా సుఖమేం కాదు. కరెంటు బిల్లు, నెట్ ఖర్చు, కుర్చీ, బల్ల అన్నీ ఉద్యోగి నెత్తినే పడ్డాయి. రాత్రి పదింటికి వచ్చిన ఫోను కూడా డ్యూటీయే అయింది. అయినా చాలామంది ఆడవాళ్ల ఉద్యోగం నిలబడింది దానివల్లే. పాతబస్తీ లోపలికి మెట్రో ఇంకా రాలేదు, 2024 మార్చిలో శంకుస్థాపన మాత్రం జరిగింది. హైటెక్ సిటీకి రానూపోనూ గంటలు రోడ్డు మీదే పోతాయి. చంటిపిల్లల తల్లి ఉద్యోగం చేయాలా, మానాలా అన్నది ఆ గంటలే తేలుస్తాయి.

మరి చట్టం ఏమంటోంది? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, సెలవు అయ్యాక ఇంటి నుంచి పనిచేసే వీలు పెట్టారు. కానీ ఆ పని ఇంట్లో చేయగలిగేదై ఉండాలి, యజమాని ఒప్పుకోవాలి. అదే సవరణ, 50 మంది ఉద్యోగులున్న చోట పిల్లల కోసం క్రెష్ తప్పనిసరి చేసింది. మొదటిది అడిగి తెచ్చుకోవాల్సింది, రెండోది హక్కు.

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా మహిళల కోసం వర్క్ ఫ్రం హోమ్ పెద్ద ఎత్తున తెస్తామన్నారు. అదే ఏడాది జూన్‌లో ఆ రాష్ట్ర కేబినెట్ రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచింది. జూలైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో 10 గంటలకు అనుమతిచ్చింది, వారానికి 48 దాటకూడదని షరతు పెట్టింది. ఇల్లే ఆఫీసైనప్పుడు ఆ పదో గంట ఎప్పుడు ముగిసిందో లెక్కపెట్టేదెవరు?

ఈ విషయంలో కెనడా అనుభవం చూడాలి. 2023 ఏప్రిల్‌లో అక్కడ లక్షన్నరకు పైగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సమ్మెకు దిగారు. జీతాలతో పాటు వర్క్ ఫ్రం హోమ్ కూడా వాళ్ల డిమాండే. చివరికి అది అసలు ఒప్పందంలోకి ఎక్కలేదు, విడిగా ఒక లేఖగా మిగిలింది. ఆ తర్వాత 2024 సెప్టెంబరు నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాల్సిందేనని ప్రభుత్వం చెప్పేసింది. అంత బలమైన సంఘం ఉన్నచోటే ఇలా అయితే, మన ఐటీలో నోటి మాటకు ఏం విలువ?

బెంగళూరులో 14 గంటల పనిదినం ప్రతిపాదన వచ్చినప్పుడు, 2024లో ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ గట్టిగా ఎదిరించింది. మన దగ్గర చాలామందికి సంఘమే లేదు. అందుకే చేరేటప్పుడే అడగండి. ఎన్ని రోజులు ఇంటి నుంచి? మార్చాలంటే ఎంత ముందు చెప్తారు? నెట్ ఖర్చు ఎవరిది? ఎన్నింటి తర్వాత ఫోను ఎత్తనక్కర్లేదు? జవాబు ఆఫర్ లెటర్‌లోనో, మెయిల్‌లోనో రాయించుకోండి. ఒక్కరు అడిగితే కాదనొచ్చు. అందుకని టీమంతా కలిసి అడగండి, సంఘం మొదలయ్యేది అక్కడే.