కూల్చడమూ ఒక చదువే

నలభై ఏళ్లు కట్టడాల దగ్గరే బతికిన సివిల్ ఇంజనీరును నేను. స్తంభం నిలబెట్టడం నేర్పారు గానీ, దాన్ని పద్ధతిగా పడగొట్టడం ఏ తరగతిలోనూ చెప్పలేదు.

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎందరో ఉన్నారు. పక్కనే మిగిలిన జంట భవనాన్ని 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలతో క్షణాల్లో నేలమట్టం చేశారు. ఒక్క ప్రాణమూ పోలేదు. తేడా అంతా లెక్కలో ఉంది.

పేలుడు చేసేది స్తంభాలను తెంచడమే. తక్కిన పని భవనం బరువే చేసుకుంటుంది. ఏ స్తంభం ముందు, ఎన్ని మిల్లీసెకన్ల తర్వాత ఏది అన్నదే అసలు విద్య. 2022 ఆగస్టు 28న నోయిడా జంట టవర్లను సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థంతో కూల్చినప్పుడు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నేల అదురును కొలిచింది. కానీ కూల్చే నైపుణ్యం కోసం దక్షిణాఫ్రికా వైపు చూడాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో 40 అంతస్తులు దాటిన భవనాలు లేస్తున్నాయి. ప్రతి కట్టడానికీ ఆయుష్షు ఉంటుంది. కూల్చివేత శాస్త్రాన్ని బీటెక్‌లో పాఠంగా పెట్టండి, పరిశోధనకు నిధులివ్వండి. కూలీల ప్రాణాలు దానిమీదే ఆధారపడి ఉన్నాయి.