నిద్ర అక్కర లేనివాడు ఒక్కడే



మన ఊళ్లలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పట్నం తీసుకువెళ్తాం. ఐ.సి.యు.లో చేరుస్తారు. మనం తలుపు బయట కూర్చొని, లోపలికి వెళ్లే డాక్టరు గారిని దేవుణ్ణి చూసినట్టు చూస్తాం. ఆయన నిన్న ఉదయం డ్యూటీకి వచ్చి, రాత్రంతా మేలుకొని, ఇంకా ఇంటి ముఖం చూడలేదేమో అన్న తలంపు మనకు రాదు. ఈ నెల ఆ సంగతి ధ్యానిద్దాం.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ఉదయం నుండి సాయంకాలం దాకా ఒక్కడే ప్రజలకు న్యాయం తీర్చేవాడు. మామయైన యిత్రో అది చూసి, ఈ పద్ధతి మంచిది కాదన్నాడు. గమనించండి, నలిగిపోయేది మోషే ఒక్కడే కాదు, అతని దగ్గరకు వచ్చిన జనం కూడా అని హెచ్చరించాడు. మోషే భక్తిలో లోపం లేదు. పని పంచుకొనే ఏర్పాటు లేదు, అంతే.

ఆసుపత్రులలోనూ ఇదే జరిగింది. 1984లో అమెరికాలోని న్యూయార్కులో 18 ఏళ్ల అమ్మాయి జ్వరంతో ఆసుపత్రిలో చేరి, కొన్ని గంటల్లోనే కన్నుమూసింది. ఆమె తండ్రి పోరాటం వలన, శిక్షణలో ఉన్న డాక్టర్లు వారానికి 80 గంటలకు మించి పని చేయరాదని 1989లో ఆ రాష్ట్రం నియమం పెట్టింది. 2003లో ఆ హద్దు దేశమంతటికీ వచ్చింది. 24 గంటలు నిద్ర లేని మనిషి చేయీ బుద్ధీ మద్యం తాగినవాడి స్థితికి దిగుతాయని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు చూపించారు. 2004లో బోస్టన్ ఐ.సి.యు.లలో పరీక్షించినప్పుడు, తక్కువ గంటల డ్యూటీలలో కంటే పాత పద్ధతి దీర్ఘ డ్యూటీలలో కొత్త డాక్టర్ల వలన తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువగా జరిగాయి.

అయితే గంటలు తగ్గిస్తే చాలునా? చాలదు. 2020లో వెలువడిన మరొక పరిశోధనలో, పిల్లల ఐ.సి.యు.లలో డ్యూటీ గంటలు తగ్గించినా పొరపాట్లు పెరిగాయి. ఎందుకని? ఒక్కొక్క డాక్టరు చూడవలసిన పిల్లల సంఖ్య పెరిగింది. యిత్రో మోషేను విశ్రాంతి తీసుకొమ్మని మాత్రమే చెప్పలేదు. వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించమన్నాడు. మనుషులు లేకుండా విశ్రాంతి రాదు.

మన దేశంలో 1992లోనే రెసిడెంట్ డాక్టర్లకు ఏకబిగిన 12 గంటలు మించరాదని కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన బృందం వారానికి 74 గంటలు మించరాదని సూచించింది. అయినా ఎన్నో చోట్ల అమలు కావడం లేదని జూనియర్ డాక్టర్లు మొరపెడుతూనే ఉన్నారు.

ఇందులో మన వంతు ఏమిటి? రోగి వాడే మందులు, పడని మందులు ఒక కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి. డాక్టరుతో పదిమంది కాక, ఇంటి నుండి ఒక్కరే మాట్లాడండి. డ్యూటీ మారే వేళ ఒకరు చెప్పినది మరొకరికి అందకపోవడం వలన కూడా ప్రమాదాలు వస్తాయి. కనుక, "కొత్తగా వచ్చిన డాక్టరు గారికి మా నాన్న సంగతి చెప్పారా అమ్మా?" అని నర్సమ్మను నెమ్మదిగా అడగండి. అడగడం తప్పు కాదు. చెయ్యెత్తడం, అద్దాలు పగలగొట్టడం తప్పు. సంఘంగా మన జిల్లా ఆసుపత్రిలో ఖాళీ పోస్టులు నింపమని అర్జీ పెట్టడం కూడా పొరుగువాని ప్రేమే.

అలసిన ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, తరువాతే పని అప్పగించాడు. మన ప్రభువు సైతం దోనెలో తలగడ మీద నిద్రించాడు. నిద్ర అక్కర లేనివాడు పరలోకపు తండ్రి ఒక్కడే అని 121వ కీర్తన మనకు నేర్పుతోంది. డాక్టరును దేవుణ్ణి చేస్తే, ఆయన అలసట మనకు కనబడదు. ఆ అలసట మన బిడ్డ మంచం దగ్గరే బయటపడుతుంది. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో రోగులతోపాటు, వారి ప్రక్కన మేలుకొని ఉన్న డాక్టర్లను, నర్సులను పేరుపేరునా జ్ఞాపకం చేసుకొందాం. ప్రభువు వారికి బలమును, తగిన విశ్రాంతిని దయచేయును గాక. ఆమేన్.