మద్దెల ఓడా, ఆట రాదా?

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మీరు వినే ఉంటారు. ఆట రానివాడు తప్పును మద్దెల మీదికి నెట్టేస్తాడు. బాగానే ఉంది. కాని మద్దెల నిజంగానే ఓటిదైతే? ఆ సంగతి సామెత చెప్పదు. పరీక్ష చేసి చూస్తేనే తెలుస్తుంది. విజ్ఞానశాస్త్రం మనకు నేర్పేది అదే.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, విండోస్ 10కు కంపెనీవారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. వాటిని పాత సామాన్ల వాడికి ఇచ్చేయకుండా లినక్సు ఎక్కించుకోవచ్చు. దానికి డబ్బు కట్టనక్కరలేదు. ఇది తెలిసి ఉత్సాహంగా మొదలుపెడతారు. పని సగంలో ఉండగా తెర మీద "మెమొరీ" అనే మాటతో ఏదో తప్పు కనిపిస్తుంది, కంప్యూటరు కదలదు. వెంటనే మూడు తీర్పులు వెలువడతాయి: "లినక్సు మంచిది కాదు", "కంప్యూటరు పాడైపోయింది", "మనకి చేతకాదు". పరీక్ష చేయకుండా ఇచ్చిన తీర్పులు కనుక ఈ మూడూ తప్పేనని నా అభిప్రాయం.

అసలు మెమొరీ అంటే ఏమిటో చూద్దాం. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు మీకు తెలుసు కదా! మగ్గం మీద పడుగు నూలు నిలువుగా, పేక నూలు అడ్డంగా ఉంటాయి. మెమొరీ చిప్పులో కూడా నిలువు తీగలు, అడ్డ తీగలు ఉంటాయి. అవి కలిసే ప్రతి చోటా ఒక చిన్న గది. గదిలో విద్యుదావేశం ఉంటే 1, లేకపోతే 0. ఆ గది చిల్లుకుండ లాంటిది, ఆవేశం కారిపోతూ ఉంటుంది. అందుకని సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా ప్రతి గదినీ చదివి మళ్ళీ నింపుతారు. 4 జీబీ మెమొరీలో ఇలాంటి గదులు 3,435 కోట్లకు పైగా ఉంటాయి.

వాటిలో ఒక్క గది తప్పితే ఏమవుతుంది? కంప్యూటరు "క" అక్షరాన్ని 3093 అనే అంకెగా గుర్తుపెట్టుకుంటుంది. ద్వియాంశ పద్ధతిలో అది 110000010101. కుడి నుంచి రెండో స్థానంలోని 0 కాస్తా 1 అయితే 110000010111, అంటే 3095 అవుతుంది. అది "గ" అక్షరం. "కుడి" అని రాస్తే "గుడి" అయి కూర్చుంటుంది! కథలో అయితే నవ్వుకుంటాం. ప్రోగ్రాములో అయితే పని ఆగిపోతుంది. లినక్సు ఎక్కించేటప్పుడు ముడిచిన ఫైళ్ళను విప్పడం, సరిచూడడం అన్నీ మెమొరీలోనే జరుగుతాయి. అందువల్ల ఎన్నాళ్ళుగానో దాగి ఉన్న లోపం ఆ రోజు బయటపడుతుంది. "నిన్నటిదాకా బాగానే పనిచేసింది" అనే వాదన ఇక్కడ చెల్లదు.

తెర మీద మెమొరీ అని కనిపించినంత మాత్రాన జబ్బు ఒకటే కాదు. ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, మెమొరీ చాలకపోవడం. ఇది పాడవడం కాదు, చిన్న గిన్నెలో పెద్ద వంట. ఉబుంటు 24.04 డెస్క్‌టాపుకు 4 జీబీ కావాలి. 2 జీబీ యంత్రంలో దాన్ని ఎక్కించబోతే "అవుట్ ఆఫ్ మెమొరీ" అని కెర్నెలు ఏదో ఒక ప్రోగ్రామును ఆపేస్తుంది. మందు సులభం: లుబుంటు వంటి తేలికపాటి లినక్సును ఎంచుకోవడం, డిస్కులో కొంత భాగాన్ని "స్వాప్"గా కేటాయించడం. ఈ స్వాప్‌కు ఒక కథ ఉంది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు రాయడం మొదలుపెట్టాడు. జర్మనీలో 2 ఎంబీ మెమొరీ మాత్రమే ఉన్న ఒకరికి అది చాలలేదు. ఆ ఏడాది క్రిస్మస్ సమయంలో టోర్వాల్డ్స్ డిస్కును కూడా మెమొరీకి సాయంగా వాడుకునే ఏర్పాటు చేశాడు. చాలీచాలని మెమొరీతో తంటాలు పడడం మీతో మొదలవలేదన్నమాట.

రెండోది, పెన్‌డ్రైవులోకి ఎక్కించిన ఫైలు సరిగా లేకపోవడం. పేరు మెమొరీది, నేరం పెన్‌డ్రైవుది. ప్రతి లినక్సు ఫైలుకూ 64 అక్షరాల వేలిముద్ర వంటి అంకె ఇస్తారు. దాన్ని ఎస్‌హెచ్‌ఏ-256 అంటారు. మీ ఫైలు వేలిముద్ర దానితో కలవకపోతే మళ్ళీ దింపుకోవాలి.

మూడోది, మెమొరీ పట్టీయే చెడడం, లేదా అది సరిగా కూర్చోకపోవడం. కళింగపట్నం, భీమిలి వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి లోహం తొందరగా చిలుము పడుతుంది. దుమ్ము, తేమ సరేసరి.

ఈ మూడింటిలో మీదేదో ఎలా తేల్చాలి? ముందుగా తెర మీది వాక్యాన్ని ఉన్నదున్నట్టు నోటుపుస్తకంలో రాసుకోండి. మళ్ళీ ప్రయత్నించండి. ప్రతిసారీ ఒకేచోట ఆగితే ఫైలునో, చాలని మెమొరీనో అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే మెమొరీ పట్టీ మీద అనుమానం పెరుగుతుంది. గుర్తుంచుకోండి, ఇది అనుమానమే, రుజువు కాదు. రుజువు కోసం మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది ప్రతి గదిలోనూ ఒకటి రాసి, తిరిగి చదివి, తేడా వస్తే ఎర్రగా చూపిస్తుంది. రాత్రి పెట్టి వదిలేస్తే పొద్దుటికి ఫలితం తెలుస్తుంది.

తప్పులు కనిపిస్తే మాస్టారి సమక్షంలో కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకి, పెట్టె లోహాన్ని ఒకసారి ముట్టుకుని పట్టీలు తీయండి. మన ఒంట్లోని స్థిరవిద్యుత్తు చిప్పులను చెడగొట్టకుండా ఈ జాగ్రత్త. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి పరీక్షించండి. తప్పు పట్టీ వెంట పోతే పట్టీది దోషం. పట్టీ మార్చినా అదే గాడిలో తప్పు వస్తే గాడిది దోషం. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మార్చితే దేనివల్ల బాగైందో తెలియదు.

ఒక్కోసారి ఏ లోపమూ లేని చిప్పు కూడా తప్పుతుంది. 1978లో ఇంటెల్ కంపెనీలో మే, వుడ్స్ అనే శాస్త్రజ్ఞులు దీనికి ఒక కారణం కనిపెట్టారు. చిప్పు తొడుగులో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం విడుదల చేసే ఆల్ఫా కణాలు గదుల్లోని ఆవేశాన్ని తారుమారు చేస్తున్నాయి. భావనపాడు ఇసుకలోని మోనజైటులో కూడా థోరియం ఉంది. అయితే భయం లేదు, ఆల్ఫా కణాలను ఒక కాగితం ఆపేస్తుంది. అందుకే తొడుగే స్వచ్ఛంగా ఉండాలి. ఇలాంటి తప్పు మళ్ళీ పరీక్షిస్తే కనిపించదు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదనడానికి ఇది మరో కారణం.

ఇక నా అసలు మాట. బడిలో కంప్యూటర్లకు గుడ్డ కప్పి, గదికి తాళం వేస్తే అవి భద్రంగా ఉంటాయి, నిజమే. పిల్లల తెలివి కూడా అంతే భద్రంగా తాళం వెనకే ఉండిపోతుంది. "పాడుచేస్తారు" అనే భయం అర్థం లేనిది కాదు. కనుక అన్నీ అడగడం లేదు. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక్క పాత కంప్యూటరును పిల్లల ప్రయోగాలకు విడిచిపెట్టండి అంటున్నాను. పాడైనా నష్టం కొంచెమే, బాగుపడితే లాభం రెండింతలు. కేరళ పాఠశాలల్లో ఏళ్ళ తరబడి లినక్సు మీదే పాఠాలు చెబుతున్నారు. లినక్సును తెలుగులోకి తెచ్చిన స్వేచ్ఛ సంస్థ మన దగ్గరే ఉంది. దారి కొత్తదేమీ కాదు.

అన్ని కంప్యూటర్లూ బతుకుతాయని చెప్పను. చెడిన పట్టీని మార్చవలసిందే. మరీ పాతదైతే వదులుకోవలసిందే. కాని ఆ మాట పరీక్ష తర్వాత చెప్పండి, నోటుపుస్తకం చూపించి చెప్పండి. "మనకి చేతకాదు" అన్న మాటకు మాత్రం తొందరపడకండి. మద్దెల ఓటిదో కాదో మోగించి చూడనివాడికి తన ఆట సంగతి మాత్రం ఎలా తెలుస్తుంది?