బైకు కొనొద్దని కాదు, షోరూం లెక్క నమ్మొద్దని

మన్యం పిల్లాడు స్పోర్ట్స్ బైకు ఎక్కితే చాలు, "వీడికిదెందుకు" అనేవాళ్లు బయలుదేరుతారు. పట్నం కుర్రాడిని ఎవరూ అడగరు, మనల్నే అడుగుతారు. పాడేరు ఘాట్‌లో ఆర్15 వేసుకుని తిరగాలన్న కోరికలో తప్పేం లేదు. నా గొడవంతా షోరూం టేబుల్ దగ్గర జరిగే బేరం గురించే.

అక్కడ ముందు ధర చెప్పరు. "డౌన్ పేమెంట్ ఎంత? నెలకెంత కట్టగలవు?" అంటారు. లక్షన్నర అప్పు, మూడేళ్లు, 12 శాతం ఫ్లాట్ అన్నారనుకోండి. వడ్డీ 54,000. నెలకు దాదాపు 5,667. ప్రతి నెలా అసలు కొంత తీరుతూనే ఉంటుంది, కానీ వడ్డీ మాత్రం మొదటి లక్షన్నర మీదే లెక్కేశారు. మిగిలిన బాకీ మీదే వడ్డీ వేసే పద్ధతిలో చూస్తే ఇది 21 శాతం దాటుతుంది. ఆ పద్ధతిలో నిజంగా 12 శాతమే అయితే వడ్డీ 30,000 లోపే. ఏజెన్సీలో షావుకార్లను అదుపు చేయడానికి 1960లోనే రెగ్యులేషన్ తెచ్చారు. ఇప్పుడు షావుకారు ఏసీ గదిలో టై కట్టుకుని కూర్చున్నాడు, అంతే తేడా!

అసలు చిక్కు ఇంకోటుంది. మన ఇళ్లలో కాఫీ, మిరియాల డబ్బు ఏడాదికోసారి వస్తుంది. ఈఎంఐ నెలనెలా వస్తుంది. ఖాతాలో డబ్బు లేకపోతే బౌన్స్ చార్జీ, పైన పెనాల్టీ. "పంట అమ్మాక కడతాం సార్" అంటే వినేవాడెవడు? చదువుకునే పిల్లాడికి జీతం లేదు కాబట్టి సంతకం నాన్నతో పెట్టిస్తారు. బండి మీరు తోలతారు, ఫోన్లు ఆయనకొస్తాయి. (ఆ ఫోన్లలో మాట్లాడే తీరు ఇక్కడ రాయలేను.)

"ఇన్సూరెన్సు మా దగ్గరే తీసుకోవాలి" అన్నది అబద్ధం. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకుకు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, నిజమే. ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలన్నది మాత్రం మీ ఇష్టం. కొత్త బండితో హెల్మెట్ ఇవ్వాలని మోటారు వాహనాల రూల్ 138 చెబుతోంది, అడగండి.

సంతకానికి ముందు ఆన్‌రోడ్ ధర, వడ్డీ ఏ పద్ధతో, మొత్తం తిరిగి కట్టేదెంతో కాగితం మీద రాసిమ్మనండి. నసిగితే లేచి వచ్చేయండి. అనకాపల్లిలో కాకపోతే విశాఖలో ఇంకో షోరూం ఉంటుంది.