పాత పికప్పు బండికి అదనపు కమాను పట్టీలు

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి. నగరు చౌరస్తా వరకు ఏ తెల్లవారుజామున నిలిచి చూచినను, ఇబ్రహీంపట్నము త్రోవనుండియు చౌటుప్పలు త్రోవనుండియు కూరగాయలు, పండ్లు మోసికొనివచ్చు పికప్పు బండ్లు బారులుగా కానవచ్చును. వానిలో పెక్కులు పాతవి. తలుపు ఒక రంగు, బానెట్టు మరియొక రంగు. వెనుక తొట్టికి ఇంటివద్ద కట్టుకొన్న వెదురు దబ్బలు. వీనిని చూచి నవ్వువారు కలరు. మేము నవ్వము. క్రొత్త బండికై అప్పుచేసి వాయిదాలక్రింద నలుగుటకంటె, పాతదానిని కొని పెరటి చెట్టు నీడను స్వయముగా బాగుచేసికొను రైతే తెలివిగలవాడని మా యభిప్రాయము. అయితే ఆ పనిలో మన సభ్యులు పలువురు ఒక్క పెద్ద పొరపాటు చేయుచున్నారు. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

బండి కొనిన వెంటనే చేయు మొదటి పని వెనుక కమాను కట్టలకు రెండేసి పట్టీలు అదనముగా వేయించుట. రెండు ట్రిప్పుల సరకు ఒక్క ట్రిప్పులో పోవునని, డీజిలు మిగులునని వారి లెక్క. ఈ లెక్క ఒక వైపు మాత్రమే సరియైనది. పట్టీ పెరిగిన కమాను వంగకుండ నిలుచును గాని, దాని క్రిందనున్న ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు మునుపటివే కదా! రెండెడ్ల బండికి ఇరుసు పాతది యుంచి, చక్రములకు మాత్రము క్రొత్త ఇనుప కట్టు బిగించి, పుట్టెడు ధాన్యము ఎక్కువ వేసినచో ఏమగునో మన తాతలకు తెలియును. ఇచ్చటను అంతియే. బరువు ఐదవ వంతు పెరిగినచో, అదే వేగమున పోవు బండిని ఆపుటకు బ్రేకులు మ్రింగవలసిన వేడియు ఐదవ వంతు పెరుగును. మరియొక చిక్కు కలదు. కొన్ని బండ్లలో వెనుక ఇరుసునకును చాసీకిని నడుమ ఒక చిన్న వాల్వు ఉండును. సరకు బరువునకు తొట్టి క్రిందికి దిగినకొలది అది వెనుక బ్రేకులకు ఒత్తిడి నెక్కువగా వదలును. కమాను బిగువై తొట్టి దిగకపోయినచో, నిండుబండిని అది ఖాళీబండి యనుకొని వెనుక బ్రేకులకు తక్కువ ఒత్తిడినే పంపును. బరువు హెచ్చినపుడే బ్రేకు తగ్గుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రాణభయము అట్లుండనిండు, సరకు మాట చూతము. మూడేండ్ల క్రిందట మేమొక పాత పికప్పును కొంటిమి. పూర్వపు యజమాని దానికి పట్టీలు వేయించిన సంగతి మాకు తెలియదు, అమ్మినవాడు చెప్పలేదు. మొదటి కాపు టమాట 30 క్రేట్లు వేసికొని సరూరునగరు రైతుబజారుకు పోతిమి. బండి మోయగలిగినదానిలో అది కొంచెమే. దించి చూడగా వెనుక వరుసలోనివి, అందులోను పైవరుస క్రేట్లలోనివి, సగము పగిలి నీరుకారుచున్నవి. రోడ్డు గతుకుల తప్పనుకొని, మరునాడు మెల్లగా నడిపితిమి. ఫలము అదియే. పట్టీలు లెక్కపెట్టిన నాటికి గాని కారణము తెలియలేదు. బిగువైన కమాను తక్కువ బరువునకు అసలు వంగదు. ప్రతి గతుకు నేరుగా పండును తాకును. ఆ అదురు వెనుక ఇరుసు దాటిన భాగమున, పై వరుసలలో అధికము. అదనపు పట్టీలు తీయించిన పిమ్మట అదే రోడ్డుమీద, అదే తోట కాయలు చక్కగా వచ్చినవి.

కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టును 2021లో బాటసింగారమునకు తరలించిరి. మామిడి, బత్తాయి రైతులకు త్రోవ మారినది గాని, దెబ్బతగిలిన కాయను ప్రక్కకు త్రోయు వర్తకుని కన్ను మారలేదు. మిగిలినదనుకొన్న డీజిలు ఖరీదు అచ్చట తరుగు పేరిట పోవుచున్నది.

చట్టము సంగతియు ఎరుగవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. సుప్రీము కోర్టు 2019 జనవరిలో దీనినే గట్టిగా చెప్పినది. అదే సంవత్సరపు సవరణ ననుసరించి అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాయో, ఆరు నెలల లోపు జైలో, రెండునో విధింపవచ్చును. అధికబరువునకు 20,000, పైన ప్రతి టన్నుకు 2,000. ఆర్.సి.లో ఖాళీబరువు, మొత్తము బరువు అని రెండంకెలుండును. రెండవదానినుండి మొదటిదానిని తీసివేసి, డ్రైవరు, కూలీలు, మీరు బిగించిన చెక్కల బరువును తగ్గింపగా మిగిలినదే మీ సరకు.

మరి ఇంటివద్ద ఏమి చేసికొనవలెను? చేయవలసినది చాల కలదు. తొట్టి అడుగున చెక్క పలకలు పరచి రబ్బరు చాప వేయుడు. టార్పాలిను సరకును అంటకుండ వెదురు వంపులమీద కట్టి, గాలి ఆడుటకు ఇరుప్రక్కల సందు విడువుడు. పండ్లబండి గాలి పీల్చవలెను, మూటగట్టరాదు. పొటాషు, యూరియా మోసిన నాడే తొట్టిని, చాసీ సందులను నీటితో కడుగుడు. ఆ ఉప్పు ఇనుమును తినుటలో చెదను మించినది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును. తేమ చేరినది వేడికి మరిగి ఆవిరియైనచో పెడలు నేలకంటి బ్రేకు పడదు. కనుక రెండేండ్లకొకసారి మార్చుడు. వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ తీగలు విప్పుడు, లేనిచో ఆల్టర్నేటరు పోవును. ఇక జాకీ నొక్కదానిని నమ్మి బండిక్రింద దూరువారిని చూచినచో మాకు ఒళ్లు మండును. ఇనుప స్టాండ్లయినను, తుమ్మమొద్దులయినను పెట్టకుండ తలనైనను దూర్పకుడు.

ఈ పనిముట్లన్నియు ఒక్కొక్కరు కొనుట భారమే. విత్తనశుద్ధి యంత్రమును ఉమ్మడిగా నుంచుకొన్నట్లే, నాలుగు స్టాండ్లు, ఒక గ్రీజుగన్ను, నట్లు ఎంత బిగించవలెనో చూపు ఒక టార్కు రెంచి సంఘపు గోడౌనులో ఏల యుంచరాదు? ఎత్తుకొనిపోయినవాని పేరు పుస్తకములో వ్రాసికొనిన చాలును. వచ్చు సర్వసభ్య సమావేశమున మేమీ తీర్మానమును ప్రతిపాదింపనున్నాము. మా బండినుండి తీసిన నాలుగు కమాను పట్టీలను గూడ ఆ దినమున తెచ్చి బల్లమీద నుంచెదము. కొడవళ్లు సాగగొట్టించుకొన నిచ్చగలవారు వానిని గైకొనవచ్చును.