రాకెట్‌కు గడువు: తేదీ కన్నా పరీక్షే ప్రమాణం

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతం మరమగ్గాలకు పేరు పొందినది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం తరలి వెళ్లిన చేనేత కుటుంబాలు ఎన్నో అక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు సైతం నడుపుతూ వచ్చింది. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు సంస్థ సొంత రాకెట్‌తో ఉపగ్రహాలను కక్ష్యలోకి పంపేందుకు సిద్ధమవుతున్నదన్న వార్త తెలుగునాట ఎంత ఆసక్తి రేకెత్తిస్తున్నదో, బిడ్డను ఇంజనీరింగ్ చదివించాలని ఆశపడే లింబాయత్ మరమగ్గం కార్మికుని ఇంటిలోనూ అంతే ఆసక్తి రేకెత్తించడం సహజం. అయితే ఇటువంటి వార్తలతో పాటు వెలువడే తేదీలను ఎంతవరకు విశ్వసించవచ్చునన్నది ఆలోచించవలసిన విషయం. ఆ తేదీలను నమ్ముకుని పెట్టుబడులు పెట్టేవారు, ఉపగ్రహాలు తయారు చేసుకునేవారు, చదువులు ఎంచుకునేవారు ఎందరో ఉన్నారు.

ఇస్రోలో పనిచేసిన ఇద్దరు యువ ఇంజనీర్లు పవన్‌కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ ఏరోస్పేస్ సంస్థను స్థాపించారు. 2020లో కేంద్ర ప్రభుత్వం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరచి, అనుమతుల కోసం ఇన్-స్పేస్ అనే సంస్థను ఏర్పాటు చేయడంతో దానికి మార్గం సుగమమైంది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరి సముద్రంలో పడింది. మన దేశంలో ప్రైవేటు సంస్థ నిర్మించి ప్రయోగించిన తొలి రాకెట్ అదే. అహ్మదాబాద్‌లోని మిల్లు యజమానుల ఇంట పుట్టి, 1947లో అక్కడి వస్త్ర పరిశ్రమల పరిశోధన సంస్థ ఏర్పాటుకు పూనుకుని, తదుపరి దేశ అంతరిక్ష కార్యక్రమానికి పునాదులు వేసిన విక్రమ్ సారాభాయ్ పేరే ఆ రాకెట్‌కు పెట్టారు. నూలుకూ నింగికీ గల ఈ బంధుత్వం గుజరాత్‌లోని నేతపనివారికి కొత్త కాదు.

జరుగుతూ వచ్చిన తేదీలు

విక్రమ్-ఎస్ విజయం తరువాత, ఉపగ్రహాలను మోయగల విక్రమ్-1 రాకెట్‌ను 2023లోనే కక్ష్యకు పంపగలమన్న ఆశాభావం వ్యక్తమైంది. 2023 అక్టోబరులో కేంద్రమంత్రి జితేంద్ర సింగ్ హైదరాబాద్‌లో ఆ రాకెట్ నమూనాను ఆవిష్కరించిన సందర్భంలో 2024 ప్రారంభం అన్నారు. 2025 నవంబరు 27న ప్రధాని నరేంద్ర మోదీ స్కైరూట్ ఇన్ఫినిటీ క్యాంపస్‌ను ప్రారంభించిన సమయానికి ఆ గడువు 2026 ప్రారంభానికి జరిగింది. మూడేళ్ల కాలంలో ఎప్పుడు అడిగినా ప్రయోగం కొద్ది నెలల దూరంలోనే ఉన్నట్లు కనిపించడం, 2025 ముగిసేనాటికి అది జరగకపోవడం గమనార్హం.

దీనిని ఆ సంస్థ అసమర్థతగా చిత్రించడం న్యాయం కాదు. విక్రమ్-ఎస్ సాధించిన దానికీ విక్రమ్-1 సాధించవలసిన దానికీ నడుమ ఉన్న అంతరం పైకి కనిపించేదానికన్నా చాలా పెద్దది. ఎత్తుకు వెళ్లడం ఒక ఎత్తు, అక్కడ నిలవడం మరొక ఎత్తు. ఉపగ్రహం కిందికి పడిపోకుండా భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో భూమికి సమాంతరంగా ప్రయాణించాలి. విక్రమ్-ఎస్ అందుకున్న వేగం ధ్వని వేగానికి సుమారు అయిదు రెట్లు. కక్ష్యకు కావలసినది ధ్వని వేగానికి ఇరవై రెట్లకు పైమాటే. వేగం నాలుగైదు రెట్లు పెరిగితే, కిలో బరువుకు కావలసిన శక్తి పదహారు నుంచి ఇరవై అయిదు రెట్లు పెరుగుతుంది. ఒక దశ రాకెట్‌తో ఇది సాధ్యమయ్యే పని కాదు. అందువల్లనే విక్రమ్-1కు ఘన ఇంధనంతో మండే మూడు దశలు, వాటిపైన ద్రవ ఇంధనంతో కక్ష్యను సరిదిద్దే మరొక దశ అవసరమయ్యాయి.

ఈ దశలను ఒక్కొక్కటిగా నేలపై మండించి చూడడానికే సంవత్సరాలు పట్టాయి. రెండవ దశ కలాం-250ను 2024 మార్చి 27న, అన్నింటికన్నా పెద్దదైన మొదటి దశ కలాం-1200ను 2025 ఆగస్టు 8న శ్రీహరికోటలో పరీక్షించారు. మొదటి దశ పరీక్ష పూర్తికాక ముందు ప్రకటించిన తేదీలన్నీ సంస్థ సంకల్పాన్ని తెలిపేవే తప్ప, జోస్యంగా స్వీకరించదగినవి కావు. ఈ తేడాను పత్రికలూ పాఠకులూ పట్టించుకోకపోవడం వల్లనే ప్రతి వాయిదా ఒక వైఫల్యంగా కనిపిస్తున్నది.

చరిత్ర చెప్పే లెక్క

కక్ష్యకు చేరే ముహూర్తాన్ని అంచనా వేయడానికి కంపెనీ ప్రకటనల కన్నా మెరుగైన ఆధారం ఒకటి ఉన్నది. అది ఇంతకుముందు ఇదే ప్రయత్నం చేసినవారి అనుభవం. అమెరికాలో 2002లో ప్రారంభమైన స్పేస్ఎక్స్ తొలి రాకెట్‌ను 2003లోనే ఎగురవేయాలనుకుంది. 2006 మార్చి 24న గాని ఎగురవేయలేకపోయింది. అదీ విఫలమైంది. 2007లో, 2008 ఆగస్టులో జరిగిన మరో రెండు ప్రయత్నాలు కూడా విఫలమై, చివరకు 2008 సెప్టెంబరు 28న నాలుగో ప్రయత్నంలో ఫాల్కన్-1 కక్ష్యకు చేరింది. న్యూజిలాండ్ నుంచి ప్రయోగాలు జరిపే రాకెట్ ల్యాబ్ 2017 మే 25న తొలి ప్రయత్నంలో విఫలమై, 2018 జనవరి 21న నెగ్గింది. వర్జిన్ ఆర్బిట్ సంస్థకు 2020 మే నుంచి 2021 జనవరి వరకు ఆగవలసి వచ్చింది.

ప్రభుత్వ సంస్థ అయిన ఇస్రో అనుభవం కూడా ఇందుకు భిన్నం కాదు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి-3 సముద్రం పాలయింది. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఎ.ఎస్.ఎల్.వి. 1987లోనూ 1988లోనూ దెబ్బతిని, 1992 మే నెలలో గాని కక్ష్యకు చేరలేదు. పి.ఎస్.ఎల్.వి. 1993 సెప్టెంబరులో విఫలమై 1994 అక్టోబరులో విజయం సాధించింది. చిన్న ఉపగ్రహాల కోసం రూపొందించిన ఎస్.ఎస్.ఎల్.వి. సైతం 2022 ఆగస్టులో తడబడి 2023 ఫిబ్రవరిలో నిలదొక్కుకుంది.

పైన పేర్కొన్న ఏడు రాకెట్లలో ఏ ఒక్కటీ తొలి ప్రయత్నంలో నెగ్గలేదు. అయితే వాటిలో అయిదు రెండో ప్రయత్నంలోనే నెగ్గాయి. ఆ అయిదింటికీ తొలి ఓటమికి, తొలి గెలుపుకు మధ్య పట్టిన కాలం ఆరు నుంచి పదమూడు నెలలు. ఫాల్కన్-1కు రెండున్నర సంవత్సరాలు, ఎ.ఎస్.ఎల్.వి.కి అయిదు సంవత్సరాలకు పైగా పట్టింది. మొదటిసారే కక్ష్యను అందుకున్నవి లేకపోలేదు. 2019 జూలైలో చైనాకు చెందిన ఐ-స్పేస్ తొలి కక్ష్యా ప్రయత్నంలోనే నెగ్గింది. 2025 జనవరి 16న బ్లూ ఆరిజిన్ సంస్థ న్యూ గ్లెన్ రాకెట్ కూడా తొలిసారే కక్ష్యకు చేరింది. అయితే ఆ సంస్థ అప్పటికే పాతికేళ్లుగా ఆ రంగంలో ఉన్నదని, దాని వెనుక అపారమైన ధనబలం ఉన్నదని మరువరాదు. 2025లోనే జర్మనీకి చెందిన ఇసార్ రాకెట్ అర నిమిషంలో, ఆస్ట్రేలియాకు చెందిన గిల్మోర్ రాకెట్ 14 సెకన్లలో నేలకు తిరిగి వచ్చాయి.

2025 నవంబరు నాటి ప్రకటనను ఈ కొలబద్దతో తూచిన వారికి దొరికేది ఒక తేదీ కాదు, 2026 ప్రారంభం నుంచి 2027 ఆఖరు వరకు విస్తరించిన ఒక కాలవ్యవధి. దాని మొదటి కొనకు సంస్థ మాట ఆధారం, చివరి కొనకు చరిత్ర ఆధారం. తొలి ప్రయత్నం ఎప్పుడు జరిగినా, ఆనాటి నుంచి ఒక సంవత్సరం గడువు ఇచ్చి చూడడం వివేకం.

చిన్న లోపం, పెద్ద నష్టం

దశలన్నీ విడివిడిగా నెగ్గిన తరువాత కూడా రాకెట్ ఎందుకు ఓడుతుందన్న సందేహం కలగవచ్చు. ఎస్.ఎస్.ఎల్.వి. తొలి ప్రయోగంలో ఘన ఇంధన దశలు మూడూ సవ్యంగా మండాయి. రెండో దశ విడివడే సమయంలో కొద్ది క్షణాల పాటు కలిగిన ప్రకంపనలను చూసి కంప్యూటర్ పరికరాలు చెడిపోయాయని భ్రమించింది. ఫలితంగా ఉపగ్రహాలు నిలవలేని కక్ష్యలో పడ్డాయి. ఫాల్కన్-1 తొలి ప్రయోగాన్ని తుప్పు పట్టిన ఒక చిన్న నట్టు దెబ్బతీసింది. రాకెట్ ల్యాబ్ తొలి ప్రయోగంలో రాకెట్‌లో ఏ లోపమూ లేదు, నేలపై సమాచారం అందుకునే పరికరం అమరికలోనే పొరపాటు జరిగింది. ఇటువంటి లోపాలు విడివిడి పరీక్షలలో బయటపడవు, అన్నీ కలిసి ఎగిరినప్పుడే కనిపిస్తాయి.

నేతపని తెలిసిన వారికి ఇది సులభంగా అర్థమయ్యే విషయమే. నూలు మంచిదై, మగ్గం మంచిదై, రంగు మంచిదైనంత మాత్రాన కొత్త రకం గుడ్డ మొదటి మూరలోనే బాగా వస్తుందని ఏ నేతగాడూ పందెం కాయడు. విక్రమ్-1 దశల గుల్లలు సైతం కార్బన్ పోగులను బంకతో కలిపి చుట్టినవే. తేడా అల్లా ఒక్కటే. మగ్గం మీద పోగు తెగితే మగ్గం ఆపి ముడి వేయవచ్చు. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆర్పడం గాని, ఆపడం గాని సాధ్యం కాదు. సరిచూసుకోవలసినదంతా నేలపై ఉండగానే సరిచూసుకోవాలి. దానికి పట్టే కాలాన్ని వృథా అనడం తగదు.

ఒత్తిడి వల్ల వచ్చే ముప్పు

తేదీల మీద మోజు కేవలం అభిరుచి విషయంగా మిగిలిపోతే ఇంత చర్చ అవసరం లేదు. అది నిర్ణయాలను ప్రభావితం చేసినప్పుడు అపాయం కలుగుతుంది. 1986 జనవరి 28న, ఇంజనీర్లు వారించినా గడువుల ఒత్తిడి నడుమ ఎగిరిన ఛాలెంజర్ ఏడుగురు వ్యోమగాములను బలి తీసుకున్నది. మనుషులు లేని రాకెట్ విషయంలో ప్రాణనష్టం ఉండకపోవచ్చు గాని, పెట్టుబడులకూ, ఉపగ్రహాలకూ, ఒక దేశం కొత్తగా పెంచుకుంటున్న నమ్మకానికీ నష్టం తప్పదు. సింగపూర్‌కు చెందిన టెమాసెక్ సంస్థ నాయకత్వంలో 2023 అక్టోబరులో స్కైరూట్‌కు సుమారు రూ. 225 కోట్లు సమకూరాయి. 2024లో కేంద్రం ప్రయోగ వాహనాల రంగంలో 49 శాతం వరకు విదేశీ పెట్టుబడులను నేరుగా అనుమతించింది. డబ్బు పెట్టినవారు త్వరపడడం సహజం. ఆ తొందరకు ప్రజల ఆత్రుత కూడా తోడైతే, "ఇంకా సిద్ధం కాలేదు" అని చెప్పగల ఇంజనీరు నోరు మూతపడుతుంది.

చెన్నైకి చెందిన అగ్నికుల్ సంస్థ ఇందుకు మంచి ఉదాహరణగా నిలుస్తుంది. 2024లో అది తన అగ్నిబాణ్ ప్రయోగాన్ని పలుమార్లు, చివరి క్షణాల్లో సైతం, నిలిపివేసింది. ఆ తరువాత మే 30న విజయవంతంగా ఎగురవేసింది. అది కూడా కక్ష్యకు చేరే ప్రయోగం కాదు. అయినప్పటికీ లోపం కనిపించినప్పుడు ఆగడం ఆ సంస్థ నేర్చుకున్నది. ఆ అలవాటు విలువ ఏ తేదీకన్నా ఎక్కువ.

కక్ష్యకు చేరడంతో కథ ముగిసిపోదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కక్ష్యకు పలుమార్లు చేరిన వర్జిన్ ఆర్బిట్ 2023 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఎస్.ఎస్.ఎల్.వి. పరిజ్ఞానాన్ని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ పొందడంతో దేశంలోనే స్కైరూట్‌కు పోటీ ఏర్పడింది. మూడు దశాబ్దాల అనుభవం ఉన్న పి.ఎస్.ఎల్.వి. సైతం 2025 మే 18న విఫలమైంది.

కాబట్టి కొత్త తేదీ వెలువడిన ప్రతిసారీ అడగవలసిన ప్రశ్నలు వేరు. ఏయే దశలు పూర్తికాలం మండి నెగ్గాయి? దశలు విడివడే ఏర్పాటును పరీక్షించారా? రెండో రాకెట్ తయారీలో ఉన్నదా? మొదటిది ఓడితే మరో ఏడాది నిలదొక్కుకునే నిధులు ఉన్నాయా? ఈ ప్రశ్నలకు సమాధానాలను సంస్థలు స్వచ్ఛందంగా వెల్లడించాలి. వైఫల్యం సంభవిస్తే కారణాలను దాచకుండా ప్రకటించేలా ఇన్-స్పేస్ చూడాలి. ఎస్.ఎల్.వి-3 కూలిన పదకొండు నెలలకు అదే రాకెట్ నెగ్గిందంటే, ఆ పదకొండు నెలలు దేశం ఓపిక పట్టడమే కారణం. ప్రైవేటు సంస్థలకు కూడా ఆ ఓపికను అందించవలసిన బాధ్యత ప్రభుత్వం మీద, మదుపరుల మీద, వార్తలు రాసేవారి మీద ఉన్నది. లింబాయత్ నుంచి రేపు ఒక ఇంజనీరు ఈ రంగంలో అడుగుపెట్టే నాటికి, తేదీ కోసం కాక పరీక్ష కోసం ఆగే సంస్థలే మిగిలి ఉండాలని ఆశించడం అత్యాశ కాబోదు.