వాగు దాటే బండి



చింతపల్లి అవతల కొండమీద ఒక గ్రామంలో కుటుంబ కూడికకు వెళ్ళినప్పుడు, ప్రార్థన ముగిసి అందరం కాఫీ త్రాగుతుండగా ఆ ఇంటి పెద్దాయన నా ప్రక్కకు జరిగి, "అయ్యగారూ, మీరు ఒకసారి మాతో విశాఖపట్నం రావాలి. బండి కొనాలనుకుంటున్నాం. మా చిన్నోడు ఒకటంటాడు, వాళ్ళమ్మ ఇంకొకటంటది. మీరు చెబితే ఇద్దరూ వింటారు" అన్నారు. పాస్టరుగారికి బండ్ల సంగతి ఏమి తెలుసునని మీకు అనుమానం రావచ్చు. ఇరవై ఏండ్లుగా ఈ ఘాట్ రోడ్ల మీద తిరుగుతున్నాను. పైగా మా సంఘానికి ఒక పాత జీపు కొనిపెట్టి చేతులు కాల్చుకున్నవాణ్ణి కూడా నేనే. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆ కుటుంబానికి బండి సరదా కాదు. రెండు వర్షాకాలాల క్రిందట వారి పెద్ద కోడలికి అర్ధరాత్రి నొప్పులు వచ్చాయి. అద్దె జీపు వచ్చింది గాని, వాగు దిగి అవతలి గట్టు ఎక్కలేక బురదలో చక్రాలు తిరుగుతూ ఉండిపోయింది. చివరకు ఆమెను డోలీలో నలుగురు మోసి, తెల్లవారే వేళకు తారు రోడ్డు ఎక్కించారు. తల్లీ బిడ్డా క్షేమమే. ఇప్పుడు చిన్న కోడలు గర్భవతి. కాఫీకి, మిరియాలకు మంచి ధర వచ్చిన ఏడు కాబట్టి 12 లక్షలు చేతిలో ఉన్నాయి. మిగిలినది అప్పు తేవాలి.

బండ్ల పేర్లలోకి పోకముందు ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఏమిటో చెప్పాలి. ఎత్తుగా, లావు టైర్లతో కనిపించే ప్రతి బండీ నాలుగు చక్రాలతో లాగదు. చాలావాటిలో ఇంజను బలం రెండు చక్రాలకే పోతుంది. 1998లో వచ్చిన టాటా సఫారీలో ఫోర్ వీల్ దొరికేది. అదే పేరుతో 2021లో వచ్చిన సఫారీలో ఇంజను ముందు చక్రాలనే త్రిప్పుతుంది. పేరు చూసి మోసపోకూడదు. స్కార్పియో ఎన్ లోనూ, థార్ రాక్స్ లోనూ పెట్రోలు బండ్లకు ఫోర్ వీల్ లేదు, డీజిలుకే ఉంది. అందులోనూ కొన్ని మోడళ్ళకే.

ట్రాక్టరు తోలే సహోదరులకు ఇది సులభంగా అర్థమవుతుంది. ట్రాక్టరులో హై, లో లివరు ఉంటుంది కదా! నిజమైన ఫోర్ వీల్ బండిలో కూడా అటువంటి 'లో' గేరు ఉంటుంది. దానిలో వేస్తే బండి నడక వేగంతో కదులుతుంది, బలం మాత్రం ఎన్నో రెట్లు. ఏటవాలు గట్టు ఎక్కడానికి, బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగడానికి అదే కావాలి. రెండవది డిఫరెన్షియల్ లాక్. దమ్ము మడిలో ట్రాక్టరు ఒక చక్రం ఊరకే తిరుగుతూ రెండవది కదలకపోతే మీరు ఒక పెడలు త్రొక్కుతారు. రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. అదే ఇదీ. ఆ రాత్రి అద్దె జీపు గట్టు దగ్గర ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బురదలో ఉన్న చక్రానికే బలమంతా పోయింది, గట్టి నేల మీద ఉన్న చక్రం ఊరుకుంది.

ఇంకొక మాట. ఈ బండ్లలో ఫోర్ వీల్ ఎప్పుడూ వేసి ఉంచేది కాదు. ఎండిన తారు రోడ్డు మీద వేసి త్రిప్పితే మలుపుల్లో ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు పొత్తు కుదరక టైర్లు, గేర్లు అరిగిపోతాయి. అలాగని ఎన్నడూ వేయకపోయినా చేటే. నేను చెప్పిన మా పాత జీపు అంతకుముందు పట్టణంలో తిరిగినది. అమ్మినవాడు లివరు చూపించాడు గాని వేసి చూపించలేదు, నేను అడగలేదు. మొదటి వర్షానికి బురదలో దిగబడితే లివరు తుప్పు పట్టి కదలనే లేదు. ఆరుగురం త్రోసాం. సెకండు హ్యాండు బండి కొనేవారు దయచేసి దున్నిన చేనులోకి తీసుకుపోయి వేసి చూడండి. కొన్న తరువాత నెలకొకసారైనా మట్టి నేల మీద వేసి కొంత దూరం నడపండి.

సరే, విశాఖపట్నం వెళ్ళాం. పెద్దాయన, ఆయన భార్య, చిన్న కుమారుడు, నేను. నాలుగు బండ్లు చూశాం: మహీంద్రా స్కార్పియో ఎన్, మహీంద్రా థార్ రాక్స్, ఫోర్స్ గూర్ఖా అయిదు తలుపులది, టొయోటా ఫార్చూనర్. ఈ నాలుగింటికీ క్రింద నిచ్చెన వంటి ఇనుప చట్రం ఉంటుంది, దాని మీద బాడీ కూర్చుంటుంది. గుంతల రోడ్డుకు అది మంచిది.

ఫార్చూనర్ సంగతి త్వరగా ముగిస్తాను. 2.8 లీటర్ల డీజిలు ఇంజను, గట్టి బండి, ఏండ్ల తరబడి నడుస్తుంది, తిరిగి అమ్మినా ధర పలుకుతుంది. కాని ఫోర్ వీల్ ఉన్నది కొనాలంటే మిగిలిన మూడింటిలో ఒకదానికి దాదాపు రెట్టింపు ధర. కాఫీ తోట కుటుంబానికి ఆ లెక్క కుదరదు. చిన్నవాడు స్టీరింగు పట్టుకొని ఒక ఫోటో తీయించుకున్నాడు, అంతే.

అతని మనసంతా థార్ రాక్స్ మీద ఉంది. 2024లో వచ్చిన బండి. చూడడానికి అందమైనది, ఆరు ఎయిర్ బ్యాగులు అన్ని మోడళ్ళకూ ఇచ్చారు, భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నది. వెనుక ఇరుసుకు లాక్ కూడా ఉంది. ఇందులో నాకు తప్పు ఏమీ కనిపించలేదు. కాని సీట్లు అయిదే. ఆ ఇంట్లో చిన్నపిల్లలతో కలిపి ఏడుగురు. "తోడికోడళ్ళలో ఒకరిని ఇంటి దగ్గర వదిలేసి వెళ్దామా?" అని తల్లి అడిగితే అతడు జవాబు చెప్పలేకపోయాడు.

గూర్ఖా పెద్దాయనకు నచ్చింది. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు ఏజెన్సీలో జీపులే తిరిగేవి. మహీంద్రావారు 1947 నుండి మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన నాటి ఆ రూపం ఈ బండిలో ఇంకా కనబడుతుంది. గూర్ఖాలో ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు రెండింటికీ లాక్ ఉంది. ఈ ధరలో అది గొప్ప విషయం. నేలకు బండికి మధ్య 233 మిల్లీమీటర్ల ఎడం. 2.6 లీటర్ల ఇంజను వేగం కోసం చేసినది కాదు, లాగడం కోసం చేసినది. బురదకు ఒక్కదానికే అయితే దీనినే కొనమనేవాణ్ణి. కాని మూడవ వరుసకు వెనుక తలుపు గుండానే ఎక్కాలి. నిండు చూలాలిని గాని, మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మను గాని అలా ఎక్కించడం కష్టమే. ఎయిర్ బ్యాగులు రెండే. గేర్లు మార్చుకుంటూ తోలేదే గాని ఆటోమేటిక్ లేదు. అన్నిటికంటే ముఖ్యం, వారి సర్వీసు కేంద్రాలు మహీంద్రావారి కంటే చాలా తక్కువ. కొండ మీద బండి ఆగితే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడన్నది కొనేముందే చూసుకోవలసిన లెక్క.

స్కార్పియో ఎన్ 2022లో వచ్చింది. ఏడుగురు ముందుకు తిరిగే కూర్చోవచ్చు. మూడవ వరుస మాత్రం పిల్లలకే సరిపోతుంది. దానిలో మనుషులు కూర్చుంటే వెనుక బస్తా పెట్టడానికి చోటుండదు. ఆ ఇంటి అమ్మగారు స్వయంగా మూడవ వరుసలోకి వెళ్ళి కూర్చుని, "మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి" అన్నారు. సేల్స్ కుర్రవాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు అయిదు నక్షత్రాలు, పిల్లల రక్షణకు మూడు వచ్చాయి. ఎయిర్ బ్యాగులు ఎన్ని అన్నది మోడలును బట్టి ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి. నాకు ఇంకొకటి భయం కలిగించింది. దీని వెడల్పు 1917 మిల్లీమీటర్లు. గూర్ఖా 1865, ఫార్చూనర్ కూడా 1855 మాత్రమే. అయిదారు సెంటీమీటర్లే కదా అనుకోవద్దు. లంబసింగి ఘాట్‌లో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఆ సెంటీమీటర్ల విలువ తెలుస్తుంది.

డీజిలు బండి కొనే పల్లెవారికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన డీజిలు బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి వేడెక్కి, కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. రోజూ తోటకు, సంతకు రెండు కిలోమీటర్లు పోయి వస్తుంటే అది మూసుకుపోతుంది, ముందు అద్దం క్రింద దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని లెక్కచేయకుండా తోలితే పెద్ద ఖర్చే. వారానికొకసారి నర్సీపట్నం రోడ్డెక్కి గట్టిగా నడపమని చిన్నవాడికి చెప్పాను. ఆ మాట ఒక్కటి అతనికి బాగా నచ్చింది.

తిరిగి వస్తూ దారిలో హోటలు దగ్గర ఆగాం. అప్పుడు చిన్నవాడు, "గూర్ఖా 70 సెంటీమీటర్ల నీళ్ళలో పోతుందంట, రాక్స్ 65 అంట. మన వాగు మోకాలి లోతే కదా అయ్యగారూ" అన్నాడు. కంపెనీవారు చెప్పే ఆ లోతు నిలిచిన నీటికి. పారే నీటి సంగతి వేరు. ఒక అడుగు లోతున జోరుగా పారే నీరు చిన్న కార్లను తేల్చగలదు, రెండడుగులైతే ఇటువంటి పెద్ద బండ్లను కూడా కొట్టుకుపోగలదు. ఫోర్ వీల్ ఉన్నా చక్రం నేలను తాకకపోతే ఏమి లాభం? క్రింద రాయి జారిందో, గొయ్యి పడిందో బురద నీటిలో కనబడదు కూడా. నేను ఈ మాట చెప్పేసరికి బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

కొంతసేపటికి తల్లి, "అయితే వాగు పొంగిన రోజున ఏ బండి కొన్నా ఒకటేనా?" అని అడిగారు.

ఒకటే అన్నాను. నీరు తగ్గిన తరువాత జారుడు గట్టు ఎక్కడానికి బండి పనికివస్తుంది. పొంగిన వాగులో దిగడానికి ఏదీ పనికిరాదు.

"మరైతే చిన్న కోడలు నెలలు నిండకముందే క్రిందికి దిగిపోవాల. బండి వచ్చినా రాకపోయినా" అని ఆమె అక్కడికక్కడే తేల్చేశారు. నర్సీపట్నంలో ఆ అమ్మాయి పుట్టిల్లు ఉంది. రోజంతా మేము తిరిగి చూసిన దానికంటే ఈ ఒక్క మాట విలువైనదని నాకనిపించింది.

ఇక డబ్బు సంగతి. 2024లో విడుదలైనప్పుడు గూర్ఖా అయిదు తలుపుల బండి షోరూం ధర 18 లక్షలు, ఫోర్ వీల్ రాక్స్ 18 లక్షల 79 వేల నుండి మొదలు. 2025 సెప్టెంబరు 22 నుండి ఇటువంటి పెద్ద బండ్ల మీద పన్ను సెస్సుతో కలిపి 50 శాతం ఉన్నది 40 శాతానికి దిగింది గనుక ధరలు కొంత తగ్గాయి. కాని షోరూం ధర మీద లైఫ్ టాక్సు, బీమా, రిజిస్ట్రేషను కలిస్తే తగ్గినదంతా మళ్ళీ పైకి వస్తుంది. పది లక్షలు అప్పు తెస్తే, వడ్డీ తొమ్మిదిన్నర శాతమనుకున్నా, అయిదేండ్లపాటు నెలకు సుమారు 21 వేలు కట్టాలి. మొత్తం 12 లక్షల 60 వేలవుతుంది. జీతగాళ్ళకు నెలనెలా డబ్బు వస్తుంది. కాఫీ డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ధర పడిపోయిన ఏడు కూడా కంతు ఆగదు. అందుచేత ఏడాది కంతులకు సరిపడా డబ్బు ముందే బ్యాంకులో విడిగా వేసిన తరువాతే బండి తెచ్చుకోమని చెప్పాను. దానితో పై మోడలు మాట పోయింది. మేడ మీద కిటికీ, తోలు సీట్లు పోయాయి. చిన్నవాడి ముఖం కూడా కొంచెం పోయింది. ఫోర్ వీల్ ఉన్నవాటిలో తక్కువ ధరది, స్కార్పియో ఎన్, అని నిశ్చయించారు. ఆ నిర్ణయం వారిదే, నేను సరే అన్నాను. మైదానంలో, తారు రోడ్డు ప్రక్కన ఉండే పాఠకులు మాత్రం దీనిని చూసి ఫోర్ వీల్ కొనవద్దు. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి.

మరుసటి వారం బుకింగుకు నన్ను మళ్ళీ తోడు రమ్మన్నారు. పెద్దాయన ఇంటి నుండి ఒక ఖాళీ గోనెసంచి చంకలో పెట్టుకొని వచ్చారు. గూర్ఖాకు, రాక్స్‌కు స్టెప్నీ వెనుక తలుపుకు తగిలించి ఉంటుంది, ఈ బండికి మాత్రం అడుగున వ్రేలాడుతూ ఉంటుందని ఆయన మొదటిరోజే గమనించారట. షోరూంలో నున్నటి నేల మీద గోనెసంచి పరచి, "దూరి తియ్యరా" అని కుమారునితో అన్నారు. సేల్స్ కుర్రవాడు వద్దన్నా వినలేదు. చిన్నవాడు తెల్లచొక్కాతోనే క్రింద దూరాడు. చక్రం బయటకు వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. పెద్దాయన గోడ గడియారం వైపు చూసి, "వానలో, చీకట్లో అయితే గంట" అన్నారు. తరువాత దానిని తిరిగి ఎక్కించమన్నారు. అది ఎక్కిన తరువాతే బుకింగు డబ్బు బయటకు తీశారు.